కనిపెట్టడం, కనిపెట్టుకుని ఉండడం

పోయిన నెల ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పటి నుంచి మనసులో ఒకటే తొలుపు. అందుకే ఈ టపా.

మొదటిది ఒక సభ. చూపు లేనివాళ్ల కోసం తయారైన కళ్లద్దాలను వేదిక మీద చూపించారు. ఎదురుగా ఏముందో, చేతిలోని కాగితం మీద ఏం రాసి ఉందో అవి చెవిలో చెబుతాయి. పెట్టుకుని చూపించిన కుర్రాడికి చూపు బాగానే ఉంది. కళ్లు మూసుకుని నాలుగడుగులు వేశాడు, ఒక ఉత్తరం చదివించాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. నిజంగానే ఒళ్లు పులకరించింది.

రెండోది, మూడు రోజుల తర్వాత వచ్చిన ఫోను. నా మిత్రుడొకడికి పుట్టుకతోనే చూపు లేదు. పదేళ్లుగా బ్యాంకు పనులన్నీ ఫోన్లోని స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, తనే చేసుకుంటున్నాడు. "ఒరేయ్, ఒకసారి రాగలవా? మొన్నటిదాకా పలికిన బటన్ నిన్నటి నుంచి పలకడం లేదు" అన్నాడు.

వెళ్లాను. తెర మీద వేలు జరుపుతూ వినిపించాడు. "లేబుల్ లేని బటన్." ఇంకాస్త జరిపాడు. "లేబుల్ లేని బటన్." మళ్లీ అదే. రాత్రికి రాత్రి యాప్ అప్‌డేట్ అయింది. అంతకుముందు 'పంపు', 'రద్దు చేయి', 'సహాయం' అని అక్షరాలుండే చోట ఇప్పుడు మూడు బొమ్మలు వచ్చాయి. ఒక టిక్కు, ఒక ఇంటూ గుర్తు, ఒక ప్రశ్నార్థకం. చూసేవాడికి ముచ్చటగానే ఉన్నాయి. వినేవాడికి మూడూ ఒక్కటే.

ఆ ముందురోజు సాయంత్రం అతని కూతురి ఫీజు కట్టడానికి ఆఖరి గడువు. ఇంట్లో ఎవరూ లేరు. దారినపోతున్న తెలిసినాయన్ని పిలిచి, ఫోను చేతికిచ్చి, పిన్ చెప్పి కట్టించాడు. "ఫీజుదేముంది, కట్టేశాం. పిన్ ఇంకొకళ్లకి చెప్పాల్సి వచ్చింది రా. పదేళ్లలో ఇదే మొదలు" అన్నాడు. నన్ను పిలిచింది కూడా సాయం చేయమని కాదు. ఫిర్యాదు రాయాలట, ఏ బటన్ మీద ఏ బొమ్మ ఉందో చూసి చెప్పమన్నాడు.

నేనూ సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాడినే. ఆ మూడు బటన్లకు పేర్లు పెట్టడం ఎంత పనో నాకు తెలుసు. బొమ్మ పెట్టిన చోటే దాని వివరణ రాసే జాగా ఉంటుంది, అందులో ఒక మాట రాస్తే చాలు. ఒక్కోదానికి అర నిమిషం. ఆ ఒకటిన్నర నిమిషం ఎవరూ వెచ్చించలేదు. వెచ్చించలేదన్న సంగతి కూడా ఎవరూ చూసుకోలేదు.

మన భాషలో కనిపెట్టడం అంటే లేనిదాన్ని కొత్తగా తయారుచేయడం. కనిపెట్టుకుని ఉండడం అంటే పక్కనే ఉండి చూసుకోవడం, పసిపిల్లనో పొయ్యి మీద పాలనో చూసుకున్నట్టు. వికలాంగులకు టెక్నాలజీ ఏం చేస్తోందని మాట్లాడేటప్పుడు మనమంతా మొదటి కనిపెట్టడం గురించే మాట్లాడతాం. వాళ్ల రోజు గడిచేది మాత్రం రెండోదాని మీద. నాకు అర్థమైనంతలో, మనకు కొత్త పరికరాల కొరత పెద్దగా లేదు. ఉన్నవాటిని కనిపెట్టుకుని ఉండే మనుషుల కొరత ఉంది. ఆ మనుషుల్లో ముందువరసలో ఉండాల్సినవాళ్లు వాటిని వాడేవాళ్లే.

చప్పట్లు ఆగాక

ఆర్గస్ 2 కథ తెలిసినప్పటి నుంచి ఏ ప్రదర్శన చూసినా నాకు అదే గుర్తొస్తుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బుతో చూపు పోయినవాళ్ల కంట్లో అమర్చే పరికరం అది. కళ్లద్దాల మీది కెమెరా చూసినదాన్ని 60 ఎలక్ట్రోడ్ల ద్వారా కంటి వెనక ఉండే రెటీనా పొరకు అందిస్తుంది. మనం చూసినట్టు కనిపించదు, వెలుగు మచ్చలు మెరుస్తాయి. తలుపు ఎక్కడుందో, రోడ్డు మీది తెల్లగీత ఎక్కడుందో పోల్చుకోవడానికి కొందరికి ఆ మచ్చలే చాలాయి. 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. పత్రికలు అద్భుతం అని రాశాయి, అందులో అబద్ధమూ లేదు.

2019లో తయారీ సంస్థ సెకండ్ సైట్ దాన్ని ఆపేసి ఇంకో పరికరం వైపు మళ్లింది. మరుసటేడు డబ్బు కటకటలో ఉద్యోగుల్లో చాలామందిని తీసేసింది. పరికరం మాత్రం ఆ మనుషుల కళ్లల్లోనే ఉండిపోయింది. చెడిపోతే బాగుచేసే దిక్కు లేదు. కొందరికి ఆ పరికరం ఆగిపోయి, వచ్చిన కాస్త చూపూ మళ్లీ పోయింది. 2022లో ఈ సంగతి పత్రికల్లోకి ఎక్కేదాకా బయటి ప్రపంచానికి తెలియనే లేదు.

ఇది చెబితే ఒక స్నేహితుడు అడ్డు తగిలాడు. "వ్యాపారాలు మూతపడతాయి, అందులో వింతేముంది? అలాగని కనిపెట్టడం మానేస్తామా?" అని. మానేయక్కర్లేదు. కానీ ఒక మనిషి ఒంట్లోకి వెళ్లే వస్తువు తయారుచేసేటప్పుడు, మేం లేకపోతే దీన్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు జవాబు కూడా దాంతోపాటే తయారవ్వాలి కదా. నమూనాలు ఎవరికి అప్పగిస్తారు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, సాఫ్ట్‌వేర్ ఎవరి చేతికి వెళుతుంది? ఆ సభలో కళ్లద్దాల గురించి బోలెడు ప్రశ్నలు అడిగారు. వీటిలో ఒక్కటీ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

వెబ్‌సైట్ల సంగతి ఇంతకన్నా చిన్నది, కానీ ఎక్కువమందిది. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తుంది. 2019లో 97.8 శాతం పేజీల్లో యంత్రానికి దొరికే లోపాలున్నాయి. 2025లో 94.8 శాతం. యంత్రానికి దొరకనివి ఎన్నో లెక్కలోకే రాలేదు. ఈ ఆరేళ్లలోనే కంప్యూటర్లు బొమ్మ చూసి వర్ణించడం, కవిత రాయడం నేర్చుకున్నాయి. లోపాలున్న పేజీలు మాత్రం మూడు శాతం తగ్గాయి. ఆ లోపాల్లో దాదాపు 96 శాతం ఆరే ఆరు రకాలు. వెలిసిపోయినట్టుండే అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, పేజీ ఏ భాషలో ఉందో చెప్పకపోవడం. ఒక్కదానికీ కొత్త పరిశోధన అక్కర్లేదు. ఇదే సమయంలో పేజీలు బరువెక్కాయి, ఒక్కో పేజీలో సరుకు పెరిగింది కాబట్టి ఎవరూ ఏమీ చేయడం లేదనడం కూడా న్యాయం కాదు. కొందరు గట్టిగానే చేస్తున్నారు. వాళ్లు ఒకవైపు కడుతుంటే ఇంకోవైపు కూలుతోంది, అంతే.

ఈ లెక్కలు చూశాక నా పాత టపా ఒకటి తెరిచి మిత్రుడి చేత వినిపించుకున్నాను. ప్రయాణం గురించి రాసింది, నాకు ఇష్టమైన టపా. రెండు పేరాలు చక్కగా చదివి, "చిత్రం, ఐఎంజీ అండర్‌స్కోర్ 2041" అంది ఫోను, వివరణ లేక బొమ్మ ఫైలు పేరే చదువుతూ. ఇంకో పేరా. "చిత్రం, ఐఎంజీ అండర్‌స్కోర్ 2046." ఎన్నేళ్లుగానో అతను నా రాతలు చదువుతున్నాడు. బొమ్మల గురించి ఒక్కసారీ అడగలేదు. ఎందుకడగలేదంటే, "అన్నిచోట్లా అంతే కదా" అన్నాడు. ఆ మాట నాకు బాగా తగిలింది.

ఎవరి చేతిలో ఉంటే నిలుస్తుంది

లూయీ బ్రెయిలీ పారిస్‌లో అంధ విద్యార్థుల బడిలో చదువుతూ 1824 నాటికి, అంటే పదిహేనేళ్ల వయసులో, ఆరు చుక్కల లిపి సిద్ధం చేశాడు. చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కలతో చేసిన పద్ధతి అప్పటికే ఉంది. అందులో చుక్కలు ఎక్కువై ఒక అక్షరం వేలి కొన కింద ఇమిడేది కాదు. ఆ ఇబ్బంది తెలిసేది వేలితో చదివేవాడికే, తగ్గించింది కూడా అతనే. ఇదంతా అందరూ చెప్పుకునే కథ. నన్ను పట్టేసింది ఆ తర్వాతి ముప్పై ఏళ్లు.

ఆ బడి బ్రెయిలీ లిపిని అధికారికంగా స్వీకరించింది 1854లో, ఆయన పోయిన రెండేళ్లకు. అన్నేళ్లు ఎందుకు పట్టింది? మామూలు ఫ్రెంచి అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసి పిల్లల చేత తడిమించి చదివించే పద్ధతి ఒకటుండేది. చూపున్న పంతుళ్లకు అదే నచ్చింది, ఎందుకంటే దాన్ని వాళ్లూ చదవగలరు. చుక్కల లిపి వాళ్లకు అర్థం కాదు. పిల్లలకు మాత్రం చుక్కలతో చదవడమూ రాయడమూ రెండూ వీలయ్యాయి. అధికారుల ఆమోదం ఉన్నా లేకపోయినా ఒకరికొకరు నేర్పుకున్నారు, ఉత్తరాలు రాసుకున్నారు, లెక్కలు చేసుకున్నారు. కనిపెట్టింది ఒక్క కుర్రాడే అయినా, ముప్పై ఏళ్లు కనిపెట్టుకుని ఉన్నది ఆ విద్యార్థులంతా.

నా మిత్రుడి కంప్యూటర్లో ఉన్న ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ కథ కూడా అలాంటిదే. చిన్నప్పుడు ఒక సంగీత శిబిరంలో కలుసుకున్న ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు, మైకేల్ కరన్, జేమ్స్ టే. ఇద్దరికీ చూపు లేదు. చూపున్నవాడు కొన్న కంప్యూటర్‌ను చూపు లేనివాడు వాడాలంటే ఆ కంప్యూటర్ ఖరీదుతో పోటీపడే స్క్రీన్ రీడర్ ఇంకొకటి కొనాల్సిన రోజులవి. 2006లో కరన్ ఉచిత స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు, టే తోడయ్యాడు. ఇప్పుడది యాభైకి పైగా భాషల్లో దొరుకుతుంది. అనువాదాలు చేసింది ఎక్కువగా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు, తమ భాషలో తమకు కావాలనుకున్నవాళ్లు.

అందులో తెలుగు పలికే గొంతుల్లో ఈస్పీక్ ఒకటి. మొదటిసారి వింటే రేకు డబ్బాలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది. నేను ఒక మాట పట్టుకునేలోపు నా మిత్రుడు మూడు వాక్యాలు విని కిందికి దిగిపోతాడు. వేగం అంత పెంచి పెట్టుకున్నాడు. "ఇంకా మంచి గొంతులొచ్చాయి కదా, మార్చుకోవచ్చుగా" అంటే, "అవి తియ్యగా ఉంటాయి రా, కానీ ఇంత వేగంలో మాటలు ముద్దవుతాయి. నాకు కావాల్సింది పాట కాదు, పని" అన్నాడు. బయటనుంచి చూసేవాడు మెరుగుపరుద్దామనుకుని ఆ గొంతునే ముందు మార్చేస్తాడు. ఈస్పీక్‌ను మొదట రాసినది జొనాథన్ డడింగ్‌టన్. 2015 చివరికొచ్చేసరికి మరికొందరు ఆ పని అందుకుని ఈస్పీక్ ఎన్‌జీ పేరుతో నడుపుతున్నారు. దాని మూలం, అంటే సోర్స్ కోడ్, అందరికీ తెరిచి ఉంది కాబట్టి అందుకోగలిగారు. ఆర్గస్ పెట్టించుకున్నవాళ్లకు ఆ దారి లేకపోయింది.

ఇక్కడ నా వాదనకు ఒక గట్టి దెబ్బ ఉంది. అది కొట్టింది కూడా నా మిత్రుడే. ఈ టపాలో ఏం రాయబోతున్నానో చెబితే అంతా విని, "బానే ఉంది. మరి ప్రతిదీ మేమే చూసుకోవాలా? నేను ఆ బ్యాంకు ఖాతాదారుణ్ణి, టెస్టర్ని కాదు. నువ్వు యాప్ తెరుస్తావు, పని చేసుకుంటావు, మూసేస్తావు. నేను తెరవాలి, పనిచేయదని తెలుసుకోవాలి, ఎవరినో పిలవాలి, ఫిర్యాదు రాయాలి, జవాబు కోసం చూడాలి. ఇవన్నీ జీతం లేని ఉద్యోగం" అన్నాడు.

దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాడేవాళ్లే ముందువరసలో ఉండాలనడం తేలిక, ఆ వరసలో నిలబడితే కాళ్లు పీకేది వాళ్లకే. కనీసం ఒకటి మాత్రం గట్టిగా అనగలను. ఆ ఉద్యోగానికి జీతం ఇవ్వాలి. యాప్ విడుదలకు ముందు వంద రకాల పరీక్షలకు డబ్బు పెట్టే సంస్థ, స్క్రీన్ రీడర్‌తో వాడేవాళ్లను నలుగురిని కూర్చోబెట్టి, పని విలువకు తగ్గ డబ్బిచ్చి పరీక్ష చేయించడం దానకార్యం కాదు. నేను పనిచేసిన చోట ఒకసారి ఈ మాట ఎత్తితే, "వాళ్లు సంతోషంగా ఉచితంగానే చేస్తారు కదా" అన్నారు. మిగతా టెస్టర్లలో ఎవరి గురించీ అలా అనగా నేను వినలేదు.

ఒక్క మెట్టు

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఇరవైమందిమి కలిసి వీధుల వెంట తిరిగి, ఏ భవనంలోకి చక్రాల కుర్చీతో వెళ్లొచ్చో మ్యాపులో గుర్తులు పెట్టాం. వీల్‌మ్యాప్ అని 2010లో బెర్లిన్‌లో మొదలైన పని. మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన రౌల్ క్రౌత్‌హౌజెన్ స్వయంగా చక్రాల కుర్చీ వాడే మనిషి. అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఎవరైనా గుర్తు పెట్టవచ్చు. ఆకుపచ్చ అంటే మెట్టు లేకుండా లోపలికి వెళ్లొచ్చు, లోపల గదులన్నిటికీ దారి ఉంది. పసుపు అంటే కొంతవరకు, గుమ్మంలో ఒకే మెట్టు, అదీ 7 సెంటీమీటర్లు మించనిది. ఎరుపు అంటే వీల్లేదు.

మా గుంపులో ఒక అక్క చక్రాల కుర్చీలో వచ్చింది. ఒక భవనం ముందు ఆగాం. కాలేజీ కుర్రాడొకడు ఫోనులో ఆకుపచ్చ నొక్కబోతూ, "ఒక్క మెట్టే కదక్కా" అన్నాడు. అక్క ఏమీ అనలేదు. సంచిలోంచి స్కేలు తీసి వాడి చేతికిచ్చింది. వాడు వంగి కొలిచాడు. 14 సెంటీమీటర్లు. "నాకు ఒక్క మెట్టు, పది మెట్లు ఒకటే నాన్నా. నీకు ఒక్క మెట్టు అసలు మెట్టే కాదు, అందుకే కనపడలేదు" అంది. వాడు ఎరుపు పెట్టాడు. ఆ తర్వాత రోజంతా ప్రతి గుమ్మం దగ్గరా మోకాలి మీద కూర్చుని కొలిచింది వాడే.

ఆ రోజు దాదాపు రెండు వందల గుర్తులు పెట్టాం. ఫొటోలు దిగాం, ఒకరినొకరు మెచ్చుకున్నాం. నేను చెప్పదలచుకున్నది దాని తర్వాతి సంగతి. ఏడాది పోయాక అక్క ఫోన్ చేసింది. మేం ఆకుపచ్చ పెట్టిన ఒక చోటికి ఆ గుర్తు నమ్ముకుని వెళ్లిందట. మధ్యలో ఎప్పుడో గుమ్మం ముందు కొత్తగా రాయి పరిచి ఎత్తు పెంచారు, లోపలికి వెళ్లలేక తిరిగొచ్చింది. "ఏ గుర్తూ లేకపోతే ముందే ఫోన్ చేసి కనుక్కునేదాన్ని. గుర్తుంది కదాని వెళ్లాను" అంది.

తప్పు సమాచారం, అసలు సమాచారం లేకపోవడం కన్నా చేటు. మేం ఒక్క ఆదివారం పుణ్యం చేసుకుని ఇళ్లకు పోయాం. పేవ్‌మెంట్లు మారతాయి, లిఫ్టులు చెడిపోతాయి, ర్యాంపుల మీద మోటారు సైకిళ్లు పెడతారు. పాదాలకు, చేతికర్రకు తగిలేలా గీతలూ బొడిపెలూ ఉన్న పలకలు 1965లో సెయిచి మియాకే రూపొందిస్తే, 1967లో జపాన్‌లోని ఒకయామాలో తొలిసారి పరిచారు. ఈరోజు అవి లేని దేశాలు తక్కువ. పరిచిన ఆ పసుపు గీత మీదే బండ్లు నిలబెడితే, నమ్మి నడిచేవాడి మోకాలికి తగిలేది ఆ బండే. ఇప్పుడు మాలో ఆరుగురం మిగిలాం. మూడు నెలలకోసారి ఆ రెండు వందల చోట్లనూ పంచుకుని మళ్లీ చూసొస్తాం. దాంట్లో ఫొటో దిగే ఘట్టం ఏదీ ఉండదు. మిగతా పద్నాలుగుమంది చెడ్డవాళ్లేం కాదు, వాళ్ల పనులు వాళ్లకున్నాయి.

మిగిలిపోయే మంచితనం

సాయం చేసే మనసుకు లోకంలో లోటు లేదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు. బీ మై ఐస్ అనే యాప్‌ను డెన్మార్క్‌కు చెందిన హాన్స్ యోర్గెన్ విబెర్గ్ 2015 జనవరిలో తెచ్చాడు. ఆయనకూ చూపు బాగా తక్కువ. చూపు లేనివాళ్లు వీడియో కాల్ చేస్తే ప్రపంచంలో ఎక్కడో ఉన్న ఒక స్వచ్ఛంద సేవకుడు ఎత్తి, ఎదురుగా ఉన్నదేమిటో చెబుతాడు. అందులో సాయం చేస్తామని పేరు నమోదు చేసుకున్నవాళ్లు పదుల లక్షల్లో ఉన్నారు, సాయం అడిగేవాళ్లు మాత్రం వాళ్లలో చిన్న వంతే. నేను చేరి నాలుగేళ్లు. ఇప్పటిదాకా నాకు అందిన కాల్స్ మూడు. ఒకటి చొక్కా రంగు, ఒకటి మందు సీసా మీద తేదీ. మూడోది నేను ఎత్తేలోపు ఇంకెవరో ఎత్తేశారు.

అంత మంచితనం ఉండి కూడా నా మిత్రుడు ఆ యాప్ తక్కువ వాడతాడు. అడిగితే, "ప్రతిసారీ థాంక్స్ చెప్పాలి కదరా" అన్నాడు. రోజుకు పదిసార్లు ఎవరో ఒకరికి కృతజ్ఞతగా ఉండాల్సి రావడం ఎంత బరువో నేను అంతకుముందు ఆలోచించలేదు. 2023లో అదే యాప్‌లో కృత్రిమ మేధతో బొమ్మలు వర్ణించే సదుపాయం వచ్చింది. అది మాత్రం విపరీతంగా వాడతాడు. డాక్టరు రిపోర్టు, ఇంటికొచ్చిన ఉత్తరం, కూతురు పంపిన ఫొటో. ఎవరికీ థాంక్స్ చెప్పక్కర్లేదు, ఎవరి జాలీ పడక్కర్లేదు.

అక్కడే నాకు అసలు సందేహం వచ్చింది. ఇంత తెలివైన యంత్రం చేతిలో ఉంటే ఇక బటన్లకు పేర్లు పెట్టే మనుషులెందుకు? తెర మీద ఉన్నది టిక్కు గుర్తని అదే చెబుతుంది. ర్యాంపు ఉందో లేదో కెమెరా చూసి చెబుతుంది. నేను ఇంతసేపు మోస్తున్న వాదన మరో రెండేళ్లలో పాతబడిపోతుందేమో. దీన్ని కొట్టిపారేయలేను. ఇప్పటికే ఫోన్లలోని స్క్రీన్ రీడర్లు కొన్ని పేరు లేని బటన్లను బొమ్మను బట్టి ఊహించి చెబుతున్నాయి.

ఊహించి చెప్పడం సరిపోయే చోట్లున్నాయి, సరిపోని చోట్లున్నాయి. ఫొటోలో కుక్కను మేక అంటే నష్టం లేదు. డబ్బు పంపే తెర మీద 'పంపు'ను 'రద్దు' అంటే? వినికిడి లేని ఒక సహోద్యోగిని మా మీటింగులన్నీ ఆటోమేటిక్ క్యాప్షన్లతోనే నెట్టుకొస్తుంది. ఒకసారి ఎవరో "పాతది తీసేయకూడదు" అన్నారు. తెర మీద "పాతది తీసేయి కూడా" అని పడింది. ఆమె తీసేసింది. రెండు రోజుల పని పోయింది, మాట కూడా ఆమే పడింది. ఆ తర్వాతి నుంచి ముఖ్యమైన నిర్ణయం ఏదైనా చివర్లో ఎవరో ఒకరు చేత్తో టైపు చేయాలని నియమం పెట్టుకున్నాం. యంత్రం తప్పు చేసినప్పుడు ఆ తప్పు యంత్రం నెత్తిన పడదు. నమ్మినవాళ్ల నెత్తిన పడుతుంది. కాబట్టి యంత్రం వచ్చాక కనిపెట్టుకుని ఉండాల్సింది ఇంకొకటి పెరిగింది, ఆ యంత్రం.

అందరికీ ఉపయోగం అనే మాట

ర్యాంపు వేస్తే తోపుడుబండికీ పిల్లల బండికీ పనికొస్తుంది, క్యాప్షన్లు పెడితే గోల మధ్య వీడియో చూసేవాడికి పనికొస్తాయి, కాబట్టి ఇవి అందరికీ మంచివి అని వాదిస్తారు. నేనూ ఆఫీసులో ఎన్నోసార్లు ఇదే వాదించాను, పని జరిగింది కూడా. ఇప్పుడు ఆ మాట ఎత్తాలంటే మనసొప్పదు. అందరికీ ఉపయోగం కాబట్టి చేయాలని ఒప్పించామంటే, అందరికీ ఉపయోగపడనిది చేయనక్కర్లేదని కూడా ఒప్పుకున్నట్టే. చుక్కలను పైకి లేపి వేలితో చదివించే బ్రెయిలీ తెర నాకు పనికిరాదు. సంజ్ఞాభాష అనువాదకుడు నాకు అక్కర్లేదు. అలాంటప్పుడు?

యూట్యూబ్‌లో ఒకప్పుడు ఎవరి వీడియోకైనా చూసేవాళ్లే క్యాప్షన్లు రాసి ఇచ్చే సదుపాయం ఉండేది. వినికిడి లేనివాళ్లకూ పరభాషలవాళ్లకూ వేలమంది స్వచ్ఛందంగా రాసేవారు. 2020 సెప్టెంబరు 28న దాన్ని తీసేశారు. వాడేవాళ్లు చాలా తక్కువనీ, చెత్త రాతలు ఎక్కువయ్యాయనీ కారణాలు చెప్పారు. వినికిడి లేనివాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, వేలమంది సంతకాలు చేశారు. అయినా పోయింది. చెత్త రాతలు నిజమే. కానీ దానికి మందు కాపలా పెంచడం. వాడేవాళ్లు తక్కువ అన్న మాటకు మాత్రం నా దగ్గర ఓపిక లేదు. వాళ్లు తక్కువే ఉంటారు. తక్కువ ఉన్నవాళ్ల గురించే కదా ఇదంతా.

అందుకే మంచితనం మీద, వ్యాపార లెక్కల మీద మాత్రమే ఆధారపడితే చాలదని చట్టం దాకా వెళ్లిన మనుషులంటే నాకు గౌరవం. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వందకు పైగా వికలాంగులు ఒక ప్రభుత్వ భవనంలోకి వెళ్లి కూర్చున్నారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఏ చోటా వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని 1973లోనే చట్టం వచ్చింది, సెక్షన్ 504 అంటారు. నాలుగేళ్లయినా దాని నిబంధనల మీద సంతకం పడలేదు. వికలాంగుల హక్కుల ఉద్యమకారిణి జూడీ హ్యూమన్ ముందుండి నడిపించారు. మూడు వారాలు దాటి అక్కడే ఉన్నారు. మందులు, మంచాలు, ఒంటికి సాయపడే మనిషి లేకుండా ఒక్క రాత్రి గడవడమే కష్టమైనవాళ్లు అందులో ఉన్నారు. టెలిఫోన్లు కోసేస్తే, వినికిడి లేనివాళ్లు కిటికీల దగ్గర నిలబడి సంజ్ఞాభాషలో బయటివాళ్లతో మాట్లాడి కబుర్లు చేరవేశారు. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్లు రోజూ వంట చేసి తెచ్చిపెట్టారు. ఏప్రిల్ 28న సంతకం పడింది.

ఆ కిటికీ దృశ్యం నా కళ్లముందు తరచూ మెదులుతుంది. ఆ క్షణంలో భవనంలో ఉన్నవాళ్లందరిలోకీ బయటి ప్రపంచంతో మాట్లాడగలిగింది వాళ్లే. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో అలాంటప్పుడు తిరగబడిపోతుంది.

మూడో బటన్

బ్యాంకు యాప్ సంగతి ఏమైందో చెప్పాలి. మిత్రుడు రాసిన ఫిర్యాదుకు నాలుగు రోజులకు జవాబొచ్చింది. కుటుంబ సభ్యుల సాయంతో లావాదేవీ పూర్తి చేసుకోవాలని, పిన్ ఎవరికీ చెప్పవద్దని. రెండూ ఒకే ఉత్తరంలో. నాకు చదివి వినిపించి, రెండో వాక్యం దగ్గర ఆగి మళ్లీ వినిపించాడు.

తర్వాత మ్యాపు పని చేసే మా ఆరుగురికీ చెప్పాను. బటన్లు ఏ తెర మీద ఉన్నాయో, స్క్రీన్ రీడర్ ఏమంటోందో, ఏమనాలో ఒక్కో వాక్యంలో రాసి, పలికిన శబ్దం రికార్డు చేసి జతపెట్టి అందరం విడివిడిగా పంపాం. ఉత్తరం రాసింది మిత్రుడే. నేను కొన్ని మాటలు మెత్తబరచబోతే వద్దన్నాడు. పోయిన వారం కొత్త అప్‌డేట్ వచ్చింది. ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా రిసీవర్ దగ్గర తెర మీద వేలు జరిపాడు. "పంపు, బటన్." "రద్దు చేయి, బటన్." నాకు గొంతు పట్టేసింది.

ఇంకాస్త జరిపాడు. "చిత్రం 47, బటన్."

సహాయం బటన్ అది. నిన్న రాత్రి మళ్లీ రాశాడు. ఈసారి అక్క కూడా తన పేరుతో ఇంకొకటి పంపింది. వచ్చే నెల మొదటి ఆదివారం అతని ఇంట్లో కూర్చుని యాప్ మొత్తం, మొదటి తెర నుంచి చివరి తెర దాకా, విని రాసుకోవాలనుకున్నాం. స్కేలు ఇచ్చిన అక్కా, కొలిచిన కుర్రాడూ వస్తామన్నారు.